తడిగా ఉన్నప్పుడే మాట వింటుంది

పోయిన నెల ఇదే పేజీలో జుట్టు రాలడం గురించి రాస్తూ చివర్లో ఊరికే ఒక మాట అన్నాను, నాది ఉంగరాల జుట్టు, ఆ తిప్పలు ఇంకోసారి చెప్పుకుందామని. అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చి పడ్డాయి. మన తిరుపతి, చిత్తూరు వైపు ఇంతమందికి ఉంగరాల జుట్టు ఉందనీ, అందులో సగం మంది దాన్ని నూనె పెట్టి జడలో బిగించి దాచేస్తున్నారనీ నాకు నిజంగా తెలీదు. అన్నిటికీ రాయలేను కాబట్టి ఆరు ఉత్తరాలు ఏరాను. పేర్లు వేయొద్దన్నారు చాలామంది, వేయలేదు.

ముందు నా సంగతి. నేను పుట్టి పెరిగింది తిరుపతిలోనే. ఆదివారం వస్తే మా అవ్వ సీకాయతో తలంటి, మిద్దెమీద ఎండలో కూర్చోబెట్టి, జుట్టు చెక్కలా ఎండాక అప్పుడు దువ్వెన చేతికి తీసుకునేది. నా ఏడుపు వీధి చివర అంగడి దాకా వినపడేది. ‘దీని తలలో కాకి గూడు పెట్టినా తెలీదు’ అని అవ్వ విసుక్కునేది. తప్పు నా జుట్టుదీ కాదు, పాపం అవ్వదీ కాదు, దువ్వెన పట్టిన వేళది. ఉంగరాల జుట్టు తడిగా ఉన్నప్పుడే మన మాట వింటుంది, ఆరాక ఎవరి మాటా వినదు. ఈ ఒక్క ముక్క తెలుసుకునేసరికి నాకు ముప్పై దాటాయి.

ఇంకో చిన్న సంగతి. ఇంటర్నెట్‌లో 2ఏ, 3బీ, 4సీ అని నంబర్లతో జుట్టు రకాలు చెప్తారు. నా జుట్టు ఏ నంబరు అని పదిమందైనా అడిగారు. మనకి మాటలు లేవా? అల అలగా ఉంటే నొక్కుల జుట్టు, వేలికి చుట్టినట్టుంటే ఉంగరాల జుట్టు, స్ప్రింగులా బిగిసి ఉంటే గిరజాల జుట్టు. ఒకే తల మీద మూడూ ఉంటాయి కూడా, నాకు చెవుల వెనక గిరజాలు, నడినెత్తిన నొక్కులు. నంబరు కోసం టెన్షన్ పడకండి.

అక్కా, మాది పుంగనూరు దగ్గర పల్లె. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ జుట్టు రింగులు రింగులుగా బాగుండేది. తిరుపతి హాస్టల్‌కి వచ్చిన ఎనిమిది నెలల్లో కొబ్బరి పీచులా అయిపోయింది. ఫ్రెండ్ ఉంగరాల జుట్టుకోసం కర్లీ గర్ల్ మెథడ్ అనే పద్ధతి చెయ్యమని ఆరు ప్రొడక్టుల లిస్టు ఇచ్చింది, లెక్కేస్తే నాలుగు వేలు దాటింది. మెస్ బిల్లు కట్టడమే కష్టంగా ఉంది. తక్కువలో ఏమైనా చెప్తారా?
*డిగ్రీ విద్యార్థిని, తిరుపతి*

ఆ లిస్టు మడిచి పుస్తకంలో పెట్టెయ్యి. ముందు నీ బకెట్ చూడు. అంచుల చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉందా? హీటర్ కాయిల్‌కి సున్నం పూసినట్టుందా? అయితే సగం జవాబు అక్కడే ఉంది. తిరుపతిలో కల్యాణి డ్యాం నీళ్లో తెలుగుగంగ నీళ్లో వచ్చే ఇళ్లు వేరు, బోరు మీదా ట్యాంకర్ మీదా నడిచే హాస్టళ్లు వేరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కాయిల్ మీద పేరుకున్నట్టే అవి వెంట్రుక మీదా పేరుకుంటాయి. నురగ సరిగ్గా రాదు, నువ్వు ఇంకో సాషే చింపుతావు, ఉన్న కాస్త నూనె కూడా పోతుంది, జుట్టు ఇంకా బిరుసెక్కుతుంది.

అసలే ఉంగరాల జుట్టు పొడి జుట్టు. మాడులో ఊరే నూనె సాఫీ జుట్టు మీద నున్నగా జారుకుంటూ కొసదాకా పోతుంది, మన జుట్టుకి వచ్చేసరికి అది తిరుమల ఘాట్ రోడ్డు, ప్రతి మలుపు దగ్గరా బ్రేకు. కుదుళ్ల దగ్గర జిడ్డు, కొసల్లో ఎండు, రెండూ ఒకే తలలో ఉండడానికి కారణం అదే.

నువ్వు చేయాల్సింది ఇది. నెలకొకసారి క్లారిఫయింగ్ షాంపూతో, అంటే పేరుకున్నదంతా కడిగేసే రకంతో తలస్నానం, వెనకాల పదార్థాల్లో ఈడీటీఏ అని ఉంటే మంచిది, పేరుకున్న ఖనిజాల్ని పట్టి లాగేది అదే. మిగతా రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు, కాస్త నెమ్మదైన షాంపూ, సల్ఫేట్ లేనిదైతే సరి, లేకపోయినా కొంప మునగదు, కాసిని నీళ్లలో కలిపి పల్చగా చేసి మాడుకి మాత్రమే రుద్దు. జుట్టంతా పోగేసి నెత్తిన పెట్టి బట్టలు ఉతికినట్టు ఉతకొద్దు. చివరి రెండు మగ్గులు మాత్రం తాగే క్యాన్ నీళ్లు పోసుకో, ఆ రెండు మగ్గులకే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని. కండిషనర్ ధారాళంగా పట్టించు, ఏ కంపెనీదైనా సరే. అది తల మీద ఉండగానే, నీళ్లు కారుతుండగానే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయి. దువ్వెన పెట్టేది ఆ వేళ ఒక్కటే. కడిగాక పిండకుండా, ఇంకా నీళ్లు చుక్కలు పడుతుండగా జెల్ రాసి, తల పక్కకి వంచి, కొసల్ని అరచేతిలోకి తీసుకుని పైకి నొక్కి వదులు. మురుకుల పిండి పిసికినట్టు కాదు, తడి గుడ్డలో నీళ్లు మెల్లగా ఒత్తినట్టు. బురద తొక్కినప్పుడు వచ్చేలాంటి శబ్దం రావాలి. రాకపోతే నీళ్లు చాల్లేదని, ఇంకో గుప్పెడు చల్లుకో. తర్వాత టర్కీ టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుని చుట్టుకుని ఓ ఇరవై నిమిషాలు ఉంచి తీసేయి. ఇక పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు. ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు.

వెంట్రుక తడిసినప్పుడు లోపల కొన్ని బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే కుదురుకుంటుంది. మధ్యలో నువ్వు వేళ్లు పెట్టి విడదీస్తే ఆ రేగిన ఆకారంలోనే బిగిసిపోతుంది. ఆరాక జెల్ వల్ల అప్పడంలా గట్టిగా ఉంటుంది, భయపడకు, అప్పుడు మళ్లీ గుప్పిట్లో నలిపితే కరకరలాడి మెత్తబడుతుంది.

జెల్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. అవిసె గింజలు పావు కప్పు, నీళ్లు రెండు కప్పులు, సన్న సెగ మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి. అక్కడ దించి వేడి మీదనే పల్చటి గుడ్డలో వడకట్టాలి, చల్లారనిస్తే గింజని పట్టుకుని ఇక రాదు, మొదటిసారి నేను అలాగే ఒక మంచి చున్నీ పాడు చేసుకున్నాను. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారబోసెయ్యి. హాస్టల్లో పొయ్యి లేదంటావు, సరే, ఇంటికెళ్లినప్పుడు చేసుకో, మిగతా రోజులకి మగపిల్లలు వాడే మామూలు హెయిర్ జెల్ చిన్న డబ్బా చాలు.

ఇవన్నీ చేసినా దువ్వినప్పుడల్లా కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే మాత్రం నీళ్లని తిట్టడం ఆపి హిమోగ్లోబిన్ చూపించుకో. మెస్ భోజనం సంగతి నాకు తెలీనిది కాదు.

మా పాపకి ఏడేళ్లు. జుట్టు గిరజాలు, వీపు దాకా ఉంటుంది. స్కూల్లో రెండు జడలు మడిచి రిబ్బన్ కట్టాలి. పొద్దున బస్సు వచ్చేలోపు రోజూ ఏడుపే. దానికి తోడు పేలు. మా అత్తగారు తిరుమలలో గుండు కొట్టిస్తే మళ్లీ సాఫీగా వస్తుందంటున్నారు. నిజమేనా?
*ఒక అమ్మ, పలమనేరు*

మొక్కు ఉంటే తీర్చుకోండి, అది మీకూ స్వామికీ మధ్య విషయం, అందులో నేను తలదూర్చను. నీలాదేవి తన కురులిచ్చిన కథ చెప్పుకుంటూ తలనీలాలు ఇచ్చే ఊరి పక్కన పుట్టినదాన్ని. కానీ జుట్టు సాఫీ అవుతుందని మాత్రం ఇవ్వకండి, కాదు. వెంట్రుక ఉంగరం తిరిగేది బయట కాదు, చర్మం లోపల. కుదురు ఉన్న గుంట వంకరగా ఉంటే వెంట్రుక వంకరగా వస్తుంది, తిన్నగా ఉంటే తిన్నగా వస్తుంది. కత్తి పైపైన తీస్తుంది, గుంటని ఏం చేస్తుంది? గుండు తర్వాత ఒత్తుగా వచ్చిందనిపించేది కూడా మొద్దు కొసల వల్ల. వయసుతో పాటు జుట్టు దానంతటది మారడం ఉంది, చిన్నప్పుడు రింగులున్న పిల్లలకి పెద్దయ్యాక పోవచ్చు, లేనివాళ్లకి పదమూడు పద్నాలుగేళ్లకి రావచ్చు. ఆ మార్పు గుండు వల్ల వచ్చిందని ఇంట్లో అందరూ నమ్మేస్తారు, అంతే. అన్నట్టు మీ అత్తగారికి ఇది కూడా చెప్పండి, దేవస్థానం తలనీలాల్ని వేలం వేసేటప్పుడు రకాలు చేసేది ముఖ్యంగా పొడవుని బట్టి. ఎంత పొడవైతే అంత మేలు రకం. ఉంగరాలున్నాయని ఎవరూ తీసి పక్కన పెట్టరు.

పేల సంగతి ముందు తేల్చాలి. గిరజాల జుట్టులో పేను కనపడదు, ఈర్పెన పెడితే కదలదు, పిల్ల చెయ్యి పెట్టనివ్వదు, అందుకే మనకి ఆలస్యంగా తెలుస్తుంది. మందుల షాపులో పర్మెత్రిన్ 1 శాతం లోషన్ అడగండి. తలస్నానం చేయించి తుడిచిన తడి జుట్టుకి కుదుళ్ల నుంచి కొసదాకా పట్టించి పది నిమిషాలుంచి కడగాలి. ఆ రోజు దానికి ముందు కండిషనర్ వాడకండి, మందు అంటుకోదు. గుడ్లలోంచి కొత్తవి బయటికి రావడానికి వారం పైన పడుతుంది కాబట్టి ఏడో రోజుకీ పదో రోజుకీ మధ్య ఇంకోసారి పెట్టాలి. ఈ రెండోసారి మానేసి ‘మందు పనిచేయలేదు’ అనేవాళ్లే ఎక్కువ. మధ్యలో మూడు నాలుగు రోజులకోసారి తలనిండా కండిషనర్ పట్టించి, పాయలు పాయలుగా విడదీసి, తడి మీదే ఈర్పెన వేయండి. కండిషనర్‌లో ఈర్పెన వెన్నలో కత్తిలా దిగుతుంది, పేను కూడా చప్పున కదల్లేదు. ప్రతి దువ్వుకీ తెల్లగుడ్డ మీద తుడిచి చూడండి. ఇంట్లో మిగతావాళ్ల తలలూ చూడండి, మీదీ, అత్తగారిదీ కూడా. కిరోసిన్ రాసేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, దయచేసి వద్దు, చర్మం కాలుతుంది, పక్కన పొయ్యి ఉంటే ఇంకా ప్రమాదం.

ఇక పొద్దుటి ఏడుపు. చిక్కు పొద్దున తీయకండి, రాత్రే తీసేయండి. పడుకునే ముందు నీళ్ల స్ప్రే సీసాలో కాస్త కండిషనర్ కలిపి జుట్టు మీద కొట్టి, వేళ్లతో విడదీసి, తర్వాత వెడల్పు దువ్వెన, వదులుగా రెండు జడలు. పాయని పైన ఒక చేత్తో గట్టిగా పట్టుకుని కింద దువ్వితే నొప్పి మాడు దాకా పోదు, ఇది మా అవ్వకి ఎవరైనా చెప్పుంటే నా బాల్యం వేరేగా ఉండేది. పొద్దున పైపైన తడి చెయ్యి రాసి, జడ మడిచి రిబ్బన్ కట్టి పంపేయండి. తలగడకి పాత పట్టు చీర ముక్క చుట్టండి, కాటన్ గలేబు రాత్రంతా జుట్టుని గీరుతూ ఉంటుంది. జడ మరీ బిగించకండి. నుదుటి దగ్గర ఏడేళ్లకే జుట్టు పల్చబడిన పిల్లల్ని చూశాను, అన్నీ బిగుతు జడల పుణ్యమే.

రెండు నెలల్లో నా పెళ్లి. పెళ్లిచూపులకి ఐరన్ చేసుకుని వెళ్లాను, వాళ్లు జుట్టు బాగుందన్నారు. ఇప్పుడు నిజం జుట్టు చూస్తే ఏమంటారోనని భయం. పార్లర్‌లో కెరాటిన్ చేయించుకుంటే జుట్టు ఆరు నెలలు సాఫీగా ఉంటుందన్నారు. చేయించుకోమంటారా?
*చిత్తూరు*

వద్దు తల్లీ. అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నాను.

కెరాటిన్ అంటే ఏదో జుట్టుకి బలం పోస్తున్నారనుకుంటారు. పేరు అది, పని చేసేది వేరే. చాలా వాటిలో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం గానీ, వేడి తగిలితే దాన్ని వదిలే రసాయనం గానీ ఉంటుంది. 200 డిగ్రీలు దాటిన ఐరన్ దాని మీద పెట్టినప్పుడు కళ్లు మండి, ముక్కు కారి, పార్లర్ తలుపులు తీయాల్సి వస్తుంది చూడు, ఆ పొగ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఫార్మాల్డిహైడ్‌ని 2004లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. ‘ఫార్మాల్డిహైడ్ ఫ్రీ’ అన్న డబ్బాలు తెస్తారు, వాటిలో కొన్నిటిలో మిథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, వేడి చేస్తే మళ్లీ అదే వస్తుంది. ఇంకొన్నిటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం. 2024లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది, 26 ఏళ్ల అమ్మాయి మూడుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆ క్రీములో ఈ ఆమ్లమే ఉంది. చేయించుకున్న ప్రతివాళ్లకీ ఇలా అవుతుందని కాదు. పెళ్లికి రెండు నెలల ముందు ఈ లాటరీ ఎందుకని.

రసాయనాల సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెళ్లయిన ఆరు నెలలకి నెత్తి మీద ఎనిమిది సెంటీమీటర్ల ఉంగరాలు, కింద చీపురు పుల్లలు. అప్పుడు చూసి ఏమనుకుంటారు? ఇప్పుడే అబ్బాయికి ఒక ఫోటో పంపించు, తలస్నానం చేసి జెల్ పెట్టి ఆరబెట్టుకున్న రోజుది, ఒక మాట కూడా రాయకుండా. నేనైతే అదే చేశాను. మా ఆయన ‘పెళ్లిచూపుల్లో చూసిందెవరు మరి’ అన్నాడు, ముప్పై ఏళ్లుగా అదే జోకు.

పెళ్లి జడకి ఉంగరాల జుట్టే మంచిది. సాఫీ జుట్టులో పిన్నులు జారిపోతాయి, సవరం కిందికి దిగిపోతుంది, తలంబ్రాల వేళకి పూలజడ ఒక పక్కకి వాలిపోతుంది. మన జుట్టులో పెట్టిన పిన్ను మనం తీస్తేనే వస్తుంది, కొన్నిసార్లు మూడు రోజుల తర్వాత. జడ వేసే అమ్మాయికి ముందే చెప్పు: ఐరన్ చేయొద్దు, ముందురోజు తలస్నానం చేసి జెల్ పెట్టుకుని వస్తాను, ముందు భాగంలో ఉంగరాల్ని అలాగే వదిలి వెనక నుంచి జడ ఎత్తుకోమని. సవరం కొనేటప్పుడు నీ జుట్టు ఒక పాయ దాని పక్కన పెట్టి చూడు, షాపుల్లో నొక్కులున్న సవరాలూ దొరుకుతాయి. ముహూర్తానికి నెల ముందు ఒకసారి ట్రయల్ వేయించుకో. కనకాంబరాలూ మల్లెలూ గుచ్చాక ఆ బరువు ఎంతుంటుందో ఆ రోజే తెలియాలి, పీటల మీద కాదు.

అక్కా, నాకు 23. గిరజాల జుట్టు, కొంచెం పెంచితే పుట్టగొడుగులా అవుతుంది. కటింగ్‌కి వెళ్తే తడిపి, దువ్వి, కత్తిరిస్తాడు, ఆరాక చూస్తే జుట్టు సగానికి పైకి వెళ్లిపోయి ఉంటుంది. చుండ్రు కూడా ఉంది. మగవాళ్లకి కూడా చెప్పండి.
*శ్రీకాళహస్తి*

చెప్తాను తమ్ముడూ. తడిపితే గిరజాల జుట్టు సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. తడి మీద రెండంగుళాలు తీస్తే ఆరాక నాలుగు తీసినట్టు కనపడుతుంది. ఎండు మీదే కత్తిరించమను, ఎక్కడ ఏ ఉంగరం పడుతుందో అతనికీ కనపడుతుంది. పక్కలు పొట్టిగా, పైన పొడవుగా ఉంచితే పుట్టగొడుగు రాదు. పల్చన చేసే కత్తెర మాత్రం వద్దను, అది పెట్టిన చోటల్లా చిన్న వెంట్రుకలు లేచి పొంగుతాయి.

చుండ్రుకి నూనె మానెయ్యి. చుండ్రు తెచ్చే ఫంగస్‌కి నూనే తిండి, నువ్వు పెట్టి మరీ పోషిస్తున్నావు. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, మాడుకి మాత్రమే, ఐదు నిమిషాలుంచి కడుగు, మూడు నాలుగు వారాలు చెయ్యి. జుట్టుకి కండిషనర్ పెట్టుకోవడానికి సిగ్గుపడకు, అది ఆడవాళ్ల సొత్తేం కాదు. నెల తర్వాతా తగ్గకపోతే, లేదా నుదుటి దగ్గర వెనక్కి పోతోందనిపిస్తే, చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లు, సెలూన్‌లో అమ్మే సీరమ్‌లు కొనకు.

మా అమ్మ రోజూ నూనె పెట్టుకోమంటుంది, యూట్యూబ్‌లో నూనె అసలు వద్దంటున్నారు. కుంకుడుకాయ, మందారాకు, గంజి, గుడ్డు, వీటిలో ఉంగరాల జుట్టుకి ఏది పనికొస్తుంది?
*గృహిణి, కుప్పం*

ఇద్దరూ కొంత కరెక్టే. కొబ్బరినూనె మిగతా నూనెల్లా పైన కూర్చోదు, వెంట్రుక లోపలికి దిగుతుంది, తలస్నానంలో పోయే ప్రోటీన్‌ని తగ్గిస్తుంది. 2003లో దీని మీద వచ్చిన ఒక పరిశోధనని అందరూ చెప్తుంటారు, అది చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లే అన్నది మాత్రం చెప్పరు. అయినా నా తల మీద నాకు పనిచేసింది. కాబట్టి తలస్నానానికి ముందురోజు రాత్రి కొసలకి పెట్టండి, పొద్దున కడిగేయండి. రోజూ పెట్టి అలాగే తిరిగితే దుమ్ము పట్టి ఉంగరాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆముదం ఒక్కటే అయితే మరీ జిగట, చిక్కు పడితే కత్తెరే దిక్కు, పెట్టాలనిపిస్తే కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు.

కుంకుడుకాయ నురగ బాగా శుభ్రం చేస్తుంది, మనకి కాస్త ఎక్కువే చేస్తుంది. అందులో సీకాయ కలిపి, చివర్లో మందారాకు రుబ్బిన జిగురు పట్టించండి. ఆ జిగురు మన కండిషనర్, వేళ్లు ఎంత సులువుగా జారతాయో చూడండి. ఆకుని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే రెండు రోజులు ఆకుపచ్చ నలకలు రాలుతూనే ఉంటాయి. మెంతులు నానబెట్టి రుబ్బినా అంతే, వాసన భరించగలిగితే. గంజి నెలకి ఒకటి రెండుసార్లు చాలు, మరీ పెడితే జుట్టు గంజి పెట్టిన చీరలానే తయారవుతుంది. గుడ్డు? అట్టేసుకుని తినండి. అందులోని ప్రోటీన్ వెంట్రుకలోకి వెళ్లలేనంత పెద్దది, పైగా వేడినీళ్లతో కడిగితే తలలోనే ఉడుకుతుంది, ఇది అనుభవం మీద చెప్తున్నాను.

నాకు 52. పోయిన ఏడాది కీమో అయింది. జన్మలో లేనిది ఇప్పుడు ఉంగరాల జుట్టు వస్తోంది, నెరిసినవీ నల్లవీ కలిపి. అద్దంలో చూసుకుంటే ఎవరో అనిపిస్తోంది. ఏం చేయాలో తెలీడం లేదు.
*చిత్తూరు*

అమ్మా, ముందు మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కీమో తర్వాత ఇలా రావడం చాలామందికి ఉంది. మందు ఆ కుదుళ్లని కుదిపేసింది, అవి తేరుకుంటూ వేసే మొదటి జుట్టు రింగులుగా, రంగు మారి రావచ్చు. కొందరికి ఏడాది తిరిగేసరికి పాత జుట్టే వస్తుంది, కొందరికి ఉంగరాలు అలాగే ఉండిపోతాయి. ఇప్పుడది పసిపిల్లల జుట్టంత మెత్తన, మాడు కూడా సున్నితం. పిల్లల షాంపూ, గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతకన్నా ఏమీ వద్దు. రంగు వేయాలనిపిస్తే మీ డాక్టరుని అడిగి, ఆరు నెలలన్నా ఆగి వేసుకోండి. తడి మీద వేళ్లతో సర్దుకుంటే చాలు, దువ్వెన పని కూడా లేదు. పొట్టి ఉంగరాల్లో తెలుపూ నలుపూ కలిసి ఉంటే నాకైతే చాలా బాగుంటుంది, మీకూ నచ్చాలని బలవంతం లేదు. నచ్చకపోతే చీర కొంగు ఉండనే ఉంది.

పేజీలో కాస్త చోటు మిగిలింది కాబట్టి ఇంకొక్కటి. కార్తీకమాసం ముసురులో జుట్టు ఇంతెత్తున పొంగుతుందని, ఏం రాయాలని పుత్తూరు నుంచి ఒకమ్మాయి ఒకే లైను మెసేజ్ పెట్టింది. ఆ రోజుల్లో గ్లిజరిన్ ఉన్న జెల్ పక్కన పెట్టు, అది గాలిలో తేమని లాక్కొచ్చి వెంట్రుకని ఉబ్బిస్తుంది. అవిసె జెల్ కాస్త ఎక్కువ రాయి. అయినా తుపాను పట్టి మూడు రోజులు వదలకుండా కురిస్తే జెల్లూ లేదు గిల్లూ లేదు, జడ వేసుకో.